ఐదు వేళ్ళు, ఒక సూది

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ మేడ మీద అందరికీ షుగర్ చూశాను. నాకు నూట ముప్పై రెండు. వియ్యపురాలికి నూట ఎనభై. ఆవిడది నాకంటే ఎక్కువ వచ్చిన రోజు నాకు టిఫిన్ మరింత రుచిగా ఉంటుందన్న సంగతి ఈ కాగితం మీద తప్ప ఎక్కడా ఒప్పుకోను.

గురువారం, ఆదివారం నడక అయ్యాక ఐదుగురి వేళ్ళూ నా చేతికి వస్తాయి. షుగర్ మిషన్ జడ్జిగారిది, గుచ్చే పెన్ను నాది. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని కనుక గుచ్చే అధికారం కూడా నాదే. మొదటి వేలు ఎప్పుడూ వియ్యపురాలిది. రెండో స్థానంలో నిలబడడం ఆవిడ జాతకంలో లేదు. తరువాత నాది. ఆ తరువాత జడ్జిగారు, టైలర్, చివర ఎప్పుడూ పాడుకుంటూ ఉండే ఆయన, మేం పెట్టిన పేరు కూనిరాగం. ఈయన రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. సూది దిగినా పాట ఆపడు, ఆ చోట శ్రుతి మాత్రం పెరుగుతుంది.

"మెల్లిగా వదినగారూ! నా మీది కోపమంతా నా వేలి మీద తీర్చుకోకండి," అంది వియ్యపురాలు.

"అంత కోపానికి ఒక వేలు ఏం సరిపోతుంది వదినగారూ," అన్నాను.

కూతురికి దగ్గరగా ఉండాలని ఆవిడ మా కింది అంతస్తులోకి వచ్చింది. ఆ కూతురు నా కోడలు కనుక ఆ దగ్గరతనం నాకూ అంటింది.

సూది మొద్దుబారింది. మార్చాలి. డబ్బా మీద 'ఒక్కసారికే' అని రాసి ఉంటుంది. సూదులు అమ్ముకునేవాడు అంతకంటే ఏం రాస్తాడు? ప్రతి వేలికీ మధ్య స్పిరిట్‌తో తుడుస్తూ నెలకొకటి వాడుతున్నాను. ఎనిమిది నెలల్లో ఒక్కరికీ చీము పట్టలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఘోర అవమానం.

కింద పార్కింగులో ఆసుపత్రి వాళ్ళు ఆరోగ్య శిబిరం పెట్టారు. హెచ్‌ఐవి మీద ఆట. చక్రం తిప్పాలి, ముల్లు ఆగిన చోట ప్రశ్న. ఐదూ సరిగ్గా చెబితే స్టీలు డబ్బా. చదువుకున్నదాన్ని, వెనకాడతానా?

దోమ కుడితే వస్తుందా? రాదు. కౌగిలించుకుంటే? రాదు. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగితే? రాదు. తల్లి నుంచి బిడ్డకు? రావచ్చు, కానీ మందులు వాడితే ఆపవచ్చు. జనం చప్పట్లు కొట్టారు. డబ్బా మీద చెయ్యి కూడా వేశాను.

అయిదోది: "షుగర్ చూసే సూదిని ఒకరికంటే ఎక్కువమంది వాడవచ్చా?"

"స్పిరిట్‌తో తుడిచి వాడవచ్చు."

"తప్పు మేడమ్," అంది బల్ల దగ్గర కూర్చున్న నర్సు.

ఆ మాట నాతో అన్నవాళ్ళు అప్పటిదాకా ఇద్దరే. ఒకాయన పోయారు, రెండో ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. స్పిరిట్ గాఢత గురించి నర్సుకు పదిహేను నిమిషాలు చెప్పాను. ఆవిడ ఓపికగా విని డబ్బా వెనక్కి లాక్కుంది.

తరువాత వియ్యపురాలు తిప్పింది. చివరి ప్రశ్న, కండోమ్ దేనికి వాడతారని. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పార్కింగంతా వినబడేలా, లోపమేమీ లేకుండా చెప్పింది. జడ్జిగారు చెప్పుల వైపు చూసుకున్నారు. డబ్బా ఆవిడకు పోయింది.

కరపత్రం ఒకటి ఇచ్చారు. చదవను.

ఇవాళ పొద్దున కూడా అందరికీ ఆ సూదితోనే చూశాను. ఊరికే రాస్తున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

కరపత్రం చదివాను. భాష బాగుంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

మా ఐదుగురి వయసులు కలిపితే మూడు వందల యాభై ఒకటి. ఇంత వయసు ఉన్న గుంపులో హెచ్‌ఐవి ఎవరికి ఉంటుంది? జడ్జిగారు భార్య పోయినప్పటి నుంచి పేపరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడరు. టైలర్‌కి కుట్టుమిషనే సంసారం. కూనిరాగం... రైల్వే గార్డు. ఊళ్ళు తిరిగిన మనిషి.

ఛీ. తోటి మనిషి గురించి ఇలా ఆలోచించానని ఇక్కడే రాసి ఉంచుతున్నాను, నాకే సిగ్గుగా ఉండాలని.

పైగా కరపత్రంలో ఉన్నది వయసు గురించి కాదు. రక్తం గురించి.

ఫిబ్రవరి 26, బుధవారం

రేపు వెళ్తాను. ఈ మాట నిన్ననే రాయాల్సింది.

ఫిబ్రవరి 27, గురువారం

పొద్దున అందరికీ తలా ఒక కొత్త సూది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగనిదానికి చెప్పడం నా అలవాటు కాదు. (ముప్పై నాలుగేళ్ళు దానికే జీతం తీసుకున్నాను.)

ఆసుపత్రిలో ఆ పరీక్షలకు వేరే గది. కౌన్సెలర్ అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో.

"మా మనవరాలి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్ని వివరాలు కావాలమ్మా," అన్నాను.

"ఎన్నో తరగతి?"

"రెండు."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "తలుపు వేసి రానా అమ్మమ్మగారూ?"

వేసింది. చెప్పాను. విన్నంతసేపూ మొహంలో ఏ మార్పూ లేదు. నా దగ్గర చదువుకుని ఉంటే మెచ్చుకునేదాన్ని. తరువాత ఏదో ఫారం తీసింది.

"ఈ ఏడాదిలో ఎవరితోనైనా శారీరక సంబంధం ఉందా?"

"మా ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది."

"అది నా ప్రశ్నకు జవాబు కాదు కదండీ. అందరినీ అడుగుతాను."

"లేదు."

సున్నా వేసింది. జీవితంలో నాకెవరూ సున్నా వేయలేదు.

తరువాత చెప్పిందంతా వరసగా రాస్తున్నాను, ఎల్లుండికి నాకు అనుకూలంగా మార్చుకోకుండా. సూది పైన తుడిచినా దాని అడుగున, పెన్ను మూతలో రక్తం మిగులుతుంది. ఇలాంటి సూదితో హెచ్‌ఐవి వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ సున్నా కాదు. హెపటైటిస్ బి ఇంకా సులువుగా అంటుకుంటుంది, కాబట్టి ఆ పరీక్షలూ చేయాలి. మనిషికి వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనబడదు. అందుకని ఇప్పుడొకసారి, ఆరు వారాలు దాటాక ఒకసారి, మూడు నెలలకు ఆఖరుసారి.

"చివరిగా ఆ సూది వాడింది ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున."

ఆ అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "డెబ్బై రెండు గంటల్లోపు వచ్చి ఉంటే, అవసరమనుకుంటే డాక్టరుగారు నివారణ మందు మొదలుపెట్టేవారు. ఇరవై ఎనిమిది రోజులు వేసుకునేది. ఇప్పుడు ఆ గడువు దాటింది."

నేను కరపత్రం చదవనని మొండికేసిన రోజు, వయసులు కూడిన రోజు, రేపు వెళ్తానని రాసిన రోజు. డెబ్బై రెండు గంటలంటే అవే.

"మిగతా నలుగురూ రావాలి అమ్మమ్మగారూ. కారణం తెలిసి రావాలి."

"చెబుతాను."

"ఎప్పుడు?"

ఈ పిల్లను కన్నవాళ్ళు ఎలా వేగుతున్నారో.

నా మొదటి రిపోర్టు సాయంత్రం వచ్చింది. ఏమీ లేదు. ఇప్పటికి.

ఫిబ్రవరి 28, శుక్రవారం

జడ్జిగారికి బీపీ ఎక్కువగా ఉంది. చెప్పలేదు.

మార్చి 1, శనివారం

జడ్జిగారి బీపీ తగ్గింది. కూనిరాగం హుషారుగా ఉన్నాడు, పాడుచేయడం ఎందుకని చెప్పలేదు.

మార్చి 2, ఆదివారం

చెప్పేశాను.

నడక అయ్యాక నలుగురినీ నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చోబెట్టి, నేను నిలబడ్డాను. నిలబడితే తప్ప నాకు మాట రాదు. ఎనిమిది నెలలుగా మీ అందరికీ ఒకే సూది వాడాను, అది తప్పు, తెలిసిన తరువాత కూడా వారం రోజులు దాచాను, అది ఇంకా పెద్ద తప్పు అన్నాను. పరీక్షలేమిటో, ఎప్పుడెప్పుడో చెప్పాను.

కూనిరాగం ఆగిపోయింది.

"హెచ్‌ఐవి పరీక్ష? నాకా?" అన్నారు జడ్జిగారు. "నా నడవడి మీద ఆరోపణ ఏమిటి లెక్చరర్‌గారూ?"

"ఆరోపణ మీ మీద కాదు సార్," అన్నాడు టైలర్. "సూది మీద. మీరు సాక్షి మాత్రమే."

"నా షాపులో రెండో తరగతి చదివినవాడికి కూడా తెలుసు మేడమ్, ఒకరి సూది ఇంకొకరి ఒంట్లో దిగకూడదని," అని నా వైపు తిరిగాడు. అంతవరకూ నవ్వుతూనే అన్నాడు. తరువాత నవ్వలేదు. "నాకు ఇంట్లో మనవడు పుట్టి రెండు నెలలు. ఎత్తుకోవచ్చా?"

"ఎత్తుకోవచ్చు. ముద్దు పెట్టుకోవచ్చు. అలా రాదు."

"ఖాయమేనా? స్పిరిట్ గురించి కూడా ఖాయంగానే చెప్పారు."

ఆసుపత్రిలో ఆ అమ్మాయినే అడగమన్నాను.

వియ్యపురాలు మాత్రం ఏమీ అనలేదు. తిడుతుందని రాత్రంతా జవాబులు సిద్ధం చేసుకున్నాను. అన్నీ దండగయ్యాయి. మెట్లు దిగేటప్పుడు ఒక్కటే అడిగింది. "పరీక్ష ఎప్పుడు వదినగారూ?"

మార్చి 4, మంగళవారం

ఐదుగురం ఒకే ఆటోలో ఆసుపత్రికి. నేను ముందు డ్రైవరు పక్కన వేలాడాను, శిక్ష అనుకున్నాను. జడ్జిగారు మొహానికి మఫ్లర్ చుట్టుకుని వచ్చారు, ఎండాకాలంలో. లోపలికి వెళ్ళగానే అటెండర్ లేచి నిలబడి "నమస్కారం జడ్జిగారూ" అన్నాడు.

కౌన్సెలర్ అమ్మాయి ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి మాట్లాడింది. జడ్జిగారు అరగంట ఉన్నారు. బయటికి వచ్చి, "ఆ ప్రశ్నలు చాలా పద్ధతిగా ఉన్నాయి. మనిషన్నవాడు జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలట," అని మఫ్లర్ విప్పేశారు. టైలర్ బయటికి వచ్చి నేరుగా ఇంటికి ఫోన్ చేసి, పిల్లవాడిని ఫోను దగ్గరికి తెమ్మన్నాడు.

రిపోర్టులు ఎవరివి వాళ్ళకే ఇస్తారు.

మార్చి 6, గురువారం

ఒక రిపోర్టులో ఉంది.

ఎవరిదో రాయను. కోడలు ఈ బల్ల తుడుస్తుంది.

మార్చి 7, శుక్రవారం

తాళం కొన్నాను. డైరీ ఇక పెట్టెలో. ఇప్పుడు రాస్తాను.

వియ్యపురాలిది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే చెప్పింది. ఒకసారి కాదు, మూడు రకాల పరీక్షలు చేసి చూశారట. డాక్టరుగారు ఇంకో పరీక్ష కూడా చేసి, ఇది ఏళ్ళ నాటిది, మీ మేడ మీది సూదికి సంబంధం లేదు అన్నారట. ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. నేను అడగలేదన్న సంగతి ఎవరూ నమ్మరు కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను.

"మీ అమ్మాయికి చెప్పకుండా నాకు చెప్పడమేమిటి వదినగారూ?"

"ఈ మాట విని ఏడవని మనిషి కావాలి నాకు. మా వాళ్ళందరిలో వెతికితే మీరొక్కరే కనబడ్డారు."

ఏడవలేదు నేను. టీ పెట్టాను.

"మొదటి వేలు నాది," అంది టీ చల్లారాక. "నా తరువాత మీది. ఆ తరువాత వాళ్ళది. ఎనిమిది నెలలు వదినగారూ."

"సూది నాది," అన్నాను.

"రక్తం నాది."

"మీకు తెలియదు. నాకు డబ్బా మీద రాసి ఉంది."

జీవితంలో మొదటిసారి తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం. ఎవరూ గెలవలేదు.

ఆవిడ వెళ్ళాక ఆ గ్లాసు కడిగాను. మళ్ళీ కడిగాను. రెండోసారి ఎందుకు కడుగుతున్నావే అని నన్ను నేనే అడిగాను. చక్రం మీద మూడో ప్రశ్న. సరైన జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. మిగిలిన టీ ఆ గ్లాసులోనే పోసుకుని తాగాను. చల్లగా, చండాలంగా ఉంది. అయినా మొత్తం తాగాను.

మార్చి 16, ఆదివారం

ఆవిడకు మందు మొదలుపెట్టారు. రోజుకొక మాత్ర. మానకుండా వేసుకుంటే మామూలు ఆయుష్షేనట. మొదటిరోజు కళ్ళు తిరిగాయి, సర్దుకుంది.

మిగతా ముగ్గురికీ ఏమీ లేదు. ఇప్పటికి. హెపటైటిస్ ఎవరికీ లేదు. వాళ్ళకు ఆవిడ సంగతి తెలియదు. తెలియజేసే హక్కు నాకు లేదు. కానీ ఆరు వారాల పరీక్ష మానవద్దని కౌన్సెలర్ అమ్మాయి చేత అందరికీ ఫోన్ చేయించాను. నేను చెబితే వినేవాళ్ళే, ఒకప్పుడు.

ఈ పది రోజులుగా ఆవిడతో చాలా మర్యాదగా ఉంటున్నాను. కూర చేసి పంపాను. ఆవిడ చేసిన కూర బాగుందన్నాను. చీర రంగు మెచ్చుకున్నాను. మెట్ల దగ్గర ఆవిడను ముందు నడవమన్నాను.

మార్చి 19, బుధవారం

"వదినగారూ, మీతో ఒక మాట," అంది ఇవాళ. "నేను చచ్చిపోతున్నానా?"

"అదేమిటి? డాక్టరుగారు ఏమన్నా అన్నారా?"

"ఆయన బాగున్నానన్నారు. మీరే... మొన్న నా కూర బాగుందన్నారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అనలేదు. మీరు ఇలా మంచిగా మాట్లాడుతుంటే నాకు గుండె జారిపోతోంది. ఎప్పటిలా ఉండండమ్మా, దండం పెడతాను."

"ఉప్పు మరీ ఎక్కువైంది," అన్నాను.

"హమ్మయ్య," అని కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ చీర కూడా బాగాలేదు."

"అది మీరు పెట్టిందే."

ఏప్రిల్ 10, గురువారం

ఆరు వారాలు నిండాయి. నలుగురం వెళ్ళాం. ఆవిడ కూడా వచ్చి మాతో పాటు బెంచీ మీద కూర్చుంది, తన మందుల కోసం వచ్చిందని ఎవరికీ తెలియకుండా. రక్తం ఇచ్చాక జడ్జిగారు దూది పట్టుకుని, "ఈసారి భయం వేయలేదు. అలవాటయిపోయింది," అన్నారు.

నాకు వేసింది. ఆవిడ తరువాత వేలు నాదే కదా. తొంభై శాతం పైగా ఇప్పుడే తేలిపోతుందని కౌన్సెలర్ అమ్మాయి చెప్పింది. కెమిస్ట్రీ చదివినదాన్ని కనుక మిగతా శాతం గురించి ఆలోచించాను.

ఏప్రిల్ 12, శనివారం

నలుగురికీ ఏమీ లేదు. ఇంకొక్కసారి.

మే 8, గురువారం

కోడలు అడిగింది. "అత్తయ్యా, మీరు, మా అమ్మ ఈ మధ్య గుసగుసలాడుకుంటున్నారేమిటి?"

"పోట్లాడుకుంటున్నాం."

"గుసగుసగానా?"

గొంతు బాగాలేదన్నాను. అనుమానంగా చూసి వెళ్ళింది. రెండు నెలలుగా నా నాలుక చివర ఆ మాట కూర్చునే ఉంది. నాకు నోట్లో మాట ఆగదని ఊరంతా అంటారు. ఊరిని పిలిచి చూపించాలని ఉంది, కానీ చూపించాలంటే చెప్పాలి.

మే 26, సోమవారం

మూడు నెలలు దాటి మూడు రోజులు. రక్తం ఇచ్చి వచ్చాం. కూనిరాగం ఆటోలో పాడలేదు.

మే 28, బుధవారం

జడ్జిగారికి లేదు. టైలర్‌కి లేదు. కూనిరాగానికి లేదు, అక్కడే వరండాలో పల్లవి నుంచి మొదలుపెట్టాడు, నర్సు వచ్చి ఆపింది. టైలర్ నాకు చేతులు జోడించి, "మేడమ్, ఇక నా వేలు నేనే గుచ్చుకుంటాను. ఏమనుకోకండి," అన్నాడు. అనుకోవడానికి ఏముంది. సూదుల డబ్బా, పెన్ను ఎవరివి వాళ్ళు కొనుక్కున్నారు. నేను పదవిలో లేను.

నాకూ లేదు.

ఇంటికి వచ్చి, మా అంతస్తు ఎక్కకుండా ఆవిడ తలుపు కొట్టాను. తెరిచింది. లోపలికి వెళ్ళి, చెప్పులు విడిచి, నీళ్ళు అడిగి, ఫ్యాను వేయమని...

"వదినగారూ! చెప్పి చావండి!"

"లేదు. ఎవరికీ లేదు. నాకు కూడా."

ఆవిడ గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. తరువాత ఏడ్చింది. మార్చిలో ఏడవాల్సిందీ, ఏప్రిల్‌లో ఏడవాల్సిందీ, అంతా. నేను కూడా పక్కన కూర్చున్నాను. నా మోకాళ్ళ సంగతి తెలిసీ నేల మీద కూర్చున్నాను. మధ్యలో ఆగి, "మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, నీళ్ళు తాగి చెబుతారా? మనిషేనా మీరు?" అని మళ్ళీ మొదలుపెట్టింది. లేవడానికి ఒకరికొకరు పావుగంట సాయం చేసుకున్నాం.

ఆవిడ రక్తంలో వైరస్ ఇప్పుడు లెక్కకు అందనంత తగ్గిందట. డాక్టరుగారు కాగితం కూడా ఇచ్చారు. చూపించింది. నేను మార్కులు చూసినట్టు చూశాను.

"ఆదివారం మా అమ్మాయికి చెప్పేస్తాను," అంది. "మీరు వచ్చి పక్కన కూర్చోవాలి. నోరు మాత్రం తెరవకూడదు."

జూన్ 1, ఆదివారం

చెప్పింది. నోరు తెరవలేదు నేను.

కోడలు వాళ్ళమ్మ చేతులు పట్టుకుంది. మందులు వేసుకుంటున్నావా అంది. కాగితం చూసింది. తనూ ఒకసారి పరీక్ష చేయించుకుంటానంది. రిపోర్టు వచ్చిన రోజే నాకు చెప్పి ఉండాల్సింది కదమ్మా అని, ఇదంతా వింటూ నేను ఆశ్చర్యపోలేదన్న సంగతి అప్పుడు తట్టి, మెల్లిగా నా వైపు తిరిగింది.

"అత్తయ్యకు ముందే తెలుసా?"

నేను ఆవిడ వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది.

"ఎప్పటి నుంచి?"

"మార్చి," అంది వియ్యపురాలు.

"మార్చి! మూడు నెలలు! ఉప్పు గురించి కూడా ఒకరికొకరు చెప్పుకోని మనుషులు, ఇంత పెద్ద విషయం మీ ఇద్దరూ... నేనెవరిని? పక్కింటిదాన్నా? గొంతు బాగాలేదట! అమ్మా, నువ్వు ఆవిడకు చెబుతావా, కన్నకూతురికి చెప్పవా? అత్తయ్యా, మీరు... ఎనిమిది నెలలు ఒకే సూది! కెమిస్ట్రీ!"

ఇంకా చాలా అంది. అంతా నిజమే. ఇరవై రెండేళ్ళ వియ్యంలో మొదటిసారి ఇద్దరం ఒకే సోఫాలో, ఒకే వైపు, తలలు వంచుకుని తిట్లు తింటున్నాం. మధ్యలో ఆవిడ మోచేత్తో నన్ను పొడిచి, పెదవి కదపకుండా అంది.

"మా అమ్మాయి గొంతు నాదే. మాటలు మాత్రం మీ దగ్గర నేర్చింది."